ఖాళీపేట ఎక్కడ?

బుజ్జీ,

నీట్ రాసేశావు, ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఊరికే కూర్చోలేనంటున్నావు. మంచిదే. కానీ గుర్గావ్‌లో ఏదో పెద్దాసుపత్రిలో రెండు వారాలు డాక్టర్ల వెనక తిప్పి సర్టిఫికెట్ ఇస్తారట, దానికి ఫీజు మనమే ఎదురు కట్టాలట అని మీ అమ్మ చెప్పింది. డబ్బిచ్చి చేసేది ఉద్యోగమెలా అవుతుందే?

డల్లాస్‌లో నా మనవడికైతే అలాంటి కాగితాలతో పనుంది. అక్కడ ముందు డిగ్రీ చేస్తేగానీ మెడికల్ కాలేజీ మొహం చూడనివ్వరు. దరఖాస్తులో తాను చేసిన పనులూ రాసుకోవచ్చు. అందుకే వాడు సెలవులొస్తే డాక్టరు పక్కన కూర్చుని కేసు వివరాలు టైపు చేస్తుంటాడు. నీకు మాత్రం 720కి ఎన్నొచ్చాయన్నదే లెక్క. వేసవంతా ఏం చేశావని కౌన్సెలింగ్‌లో ఒక్కరూ అడగరు. కాబట్టి ఎవరి మెప్పు కోసమూ కాకుండా పని ఎంచుకునే వీలు వాడికి లేదు, నీకుంది.

నా మాట వింటే ఢిల్లీ యూసఫ్ సరాయ్‌లో మందుల షాపులో చేరు. ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్ ఆసుపత్రుల చీటీలు పట్టుకుని జనం వచ్చేది అక్కడికే. బొటానికల్ గార్డెన్‌లో మెట్రో మెజెంటా లైనెక్కి హౌజ్ ఖాస్‌లో మారితే తర్వాతి స్టేషనే గ్రీన్ పార్క్, అక్కణ్ణుంచి నడకే. నాకు తెలిసిన షాపాయన ఒకరున్నారు, మాట్లాడాను. జీతం సంగతి మాత్రం మొదటి రోజే నువ్వే అడుగు, మొహమాటపడకు.

మందుల పేర్లు ఎంబీబీఎస్ సెకండియర్‌లో ఎలాగూ బట్టీపడతావు. ఇప్పుడు నువ్వు చూడాల్సింది, బిల్లు చెప్పగానే మనిషి చెయ్యి ఎటు పోతుందో. ముందు చొక్కా జేబు, తర్వాత భార్య కొంగుముడి. అక్కడా చాలకపోతే ‘మూడు రోజులవి కోసివ్వండి’ అంటారు. రాసింది పది రోజులకి. మిగతా ఏడు రోజుల సంగతి ఆ డాక్టరుకి ఎప్పటికీ తెలియదు.

ఫార్మసిస్టు చూడకుండా నీ చేత్తో ఒక్క మాత్ర ఇవ్వకు. డోసు అడిగితే ఆయన్నే అడగమను. ఎవరైనా నీ చేతికి సూది ఇస్తే ఆ పూటే మానేసి వచ్చెయ్.

నీకు హిందీ, తెలుగు రెండూ వచ్చు. అదెంత ఆస్తో నాకు తెలిసొచ్చిన కథ చెబుతాను. ఆసుపత్రి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయనకి పొట్ట స్కానింగ్ రాశారు. పొద్దుట్నుంచీ హిందీలోనే అరుస్తున్నానేమో, పంచె చూసి కూడా మనవాడని తట్టలేదు. ‘కల్ ఖాలీ పేట్ ఆనా’ అన్నాను, రేపు ఖాళీ కడుపుతో రమ్మని. తలూపాడు. మర్నాడు మిట్టమధ్యాహ్నం చెమటలు కక్కుకుంటూ వచ్చాడు, కడుపు నిండా టీ, బ్రెడ్ పకోడీ. స్కానింగ్ కుదరదన్నారు. అప్పుడు భార్యతో గొణుక్కుంటున్నాడు, ‘ఎంతమందినడిగినా ఆ ఖాళీపేట ఎక్కడుందో ఒక్కడూ చెప్పలేదే’ అని. బేగంపేట, నరసరావుపేటల్లాగా అదీ ఒక పేటే అనుకున్నాడు!

మళ్లీ తేదీ మూడు వారాలకి ఇచ్చారు. శ్రీకాకుళం వెళ్లి రావడానికి డబ్బుల్లేక అన్నాళ్లూ ఇద్దరూ ఫుట్‌పాత్ మీదే పడుకున్నారు. నేను డ్యూటీకి వెళ్లే దారి అదే. తప్పు నాదని తెలియక ఆయన రోజూ నాకు దణ్ణం పెట్టేవాడు.

షాపులో ఎక్కడైనా తెలుగు మాట వినబడితే కౌంటరు వదిలి అటు వెళ్లు. అలా వెళ్తావని షాపాయనకి ముందే చెప్పి ఉంచుతాను. మీ నాన్న ‘మందుల కొట్లోనా’ అని మూతి ముడుస్తాడు, ఆయన్ని నాకొదిలెయ్. లూ వడగాలి కొడుతోంది, నీళ్ల సీసా లేకుండా గడప దాటకు. శుక్రవారంలోగా ఫోన్ చెయ్యి, లేకపోతే షాపాయన ఇంకెవర్నైనా చూసుకుంటానంటున్నాడు.

మీ పెద్దమ్మ