పరీక్షగది దాకా తోడు: హెచ్‌ఐవీపై ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: గే, బైసెక్సువల్ అనే మాటలుండగా ఆరోగ్య కార్యకర్తలు ‘ఎంఎస్ఎం’ అని ఎందుకు అంటారు?

జవాబు: ఎంఎస్ఎం అంటే పురుషులతో లైంగిక సంబంధాలున్న పురుషులు. ఒక వ్యక్తి తన గురించి ఏమని చెప్పుకుంటాడన్న దానితో ఈ మాటకు పని లేదు కాబట్టి, పెళ్లయి పిల్లలున్నవారూ, గే అన్న పేరు తమకు వర్తించదనుకునేవారూ ఇందులోకి వస్తారు. 2017 జాతీయ సెంటినెల్ సర్వేలో, అంటే ఎంపిక చేసిన కేంద్రాల్లో నిర్ణీత కాలానికోసారి జరిపే పరిశీలనలో, ఈ వర్గంలో దాదాపు 2.7 శాతం మందికి హెచ్‌ఐవీ ఉన్నట్లు తేలగా, దేశంలోని వయోజనులందరిలో అది 0.22 శాతమని అంచనా వేశారు. మలద్వార సంభోగంలో వైరస్ తేలికగా సోకడం ఈ తేడాకు ఒక కారణమైతే, సంబంధాలను దాచుకోవలసి రావడం వల్ల పరీక్ష, చికిత్స ఆలస్యం కావడం మరొక కారణం.

ప్రశ్న: ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేయించుకుంటే సంగతి ఇంట్లో తెలిసిపోతుందా?

జవాబు: స్వలింగ సంబంధాలు నేరం కాదని నవ్‌తేజ్ సింగ్ జోహర్ కేసులో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పునివ్వగా, నాలుగు రోజులకే, సెప్టెంబరు 10న, హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం, 2017 అమలులోకి వచ్చింది. ఈ చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం వ్యక్తికి అన్నీ వివరించి సమ్మతి పొందాకే పరీక్ష చేయాలి. 8వ సెక్షన్ ఫలితాన్ని గోప్యంగా ఉంచమంటుంది. ఐసీటీసీలో, అంటే సలహా, పరీక్ష ఒకేచోట జరిగే కేంద్రంలో, మొదట కౌన్సెలర్ మాట్లాడతారు. బయట జరిగే శిబిరాల్లోనైతే వేలి కొసన సూదితో గుచ్చి తీసిన ఒక్క చుక్క రక్తంతో ప్రాథమిక పరీక్ష పూర్తవుతుంది. అక్కడ కిట్ మీద రెండో గీత కనిపించినంత మాత్రాన హెచ్‌ఐవీ ఉన్నట్లు తీర్మానించరు. ఐసీటీసీలో వేర్వేరు కిట్లతో మూడు పరీక్షలు చేసిన తరువాతే నిర్ధారిస్తారు.

ప్రశ్న: పీర్ ఎడ్యుకేటర్ చేసే పనేమిటి? డాక్టరు చాలడా?

జవాబు: పీర్ ఎడ్యుకేటర్ అంటే ఆ సమూహంలోనే ఒకడై ఉండి, శిక్షణ పొంది, తోటివారికి సాయపడే వ్యక్తి. జాతీయ కార్యక్రమంలో ఒక్కొక్కరికి సుమారు 60 మంది బాధ్యత అప్పగిస్తారు. ఆ అరవై మందికీ కండోములు, లూబ్రికెంట్ అందించడం, ఆరు నెలలకోసారి పరీక్షకు తీసుకువెళ్లడం, పాజిటివ్ అని తేలినవారి వెంట ఏఆర్‌టీ కేంద్రం, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రం, దాకా నడవడం అతని పని. ఒకప్పుడు పార్కుల్లోనూ బస్టాండుల్లోనూ కలిసిన యువకులు ఇప్పుడు గ్రైండర్ వంటి యాప్‌లలో కలుస్తుండటంతో, ఈ పలకరింపు కూడా ఫోన్‌లోకి మారుతోంది. ఓపీ చీటీ చేతపట్టుకుని, తెలిసినవారెవరైనా చూస్తారేమోనని బెంచీ చివర తలవంచుకు కూర్చున్నవాడికి మందు ఎంత అవసరమో, పక్కన కూర్చునే మనిషీ అంతే అవసరం. డాక్టరు ఆ బెంచీ దాకా రాలేడు.

ప్రశ్న: కండోమ్ చిరిగిపోతే ఏం చేయాలి? ముందుజాగ్రత్తగా వేసుకునే మాత్ర ఉందా?

జవాబు: చిరిగిన తరువాత వాడేది పెప్. ఈ మందును వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి కాబట్టి, తెల్లవారాక చూద్దామనుకోకుండా వెంటనే వైద్యుణ్ని కలవాలి. ముందుగా వాడేది ప్రెప్; టెనోఫోవిర్, ఎంట్రిసిటాబిన్ కలిసిన మాత్రను హెచ్‌ఐవీ లేదని నిర్ధారించుకుని, మూత్రపిండాల పనితీరు చూపించుకుని, వైద్యుని పర్యవేక్షణలో రోజూ వేసుకోవాలి. అది సిఫిలిస్, గనేరియాలను ఆపదు కనుక కండోమ్ అవసరం తీరిపోదు.

ప్రశ్న: పాజిటివ్ అని తేలిన బైసెక్సువల్ యువకుణ్ని ఇంట్లో పెళ్లికి తొందరపెడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: చికిత్సను పెళ్లి ముహూర్తంతో ముడిపెట్టకుండా ముందు మందులు మొదలుపెట్టాలి. ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో 2004 నుంచి ఇవి ఉచితం. ఇప్పుడు చాలామందికి మూడు మందులు కలిసిన ఒక్క మాత్ర రోజుకొకటి సరిపోతుంది. వైరల్ లోడ్, అంటే రక్తంలోని వైరస్ పరిమాణం, మిల్లీలీటరుకు 200 కాపీల లోపునకు దిగి అక్కడే నిలిచినంత కాలం లైంగిక సంబంధం ద్వారా వైరస్ ఇతరులకు సోకదు. అయినా ఈ భరోసా మౌనానికి సాకు కాకూడదు. అమ్మాయి తెలిసి ఒప్పుకుంటేనే అది సమ్మతి, ఆకర్షణ సంగతి దాచి కట్టే తాళికీ ఇదే మాట వర్తిస్తుంది. వద్దని చెప్పడం, వాయిదా కోరడం కూడా ఆ యువకుడి హక్కే. ఇంట్లో నోరు విప్పే ముందు ఏఆర్‌టీ కౌన్సెలర్‌తో గానీ, జాతీయ ఉచిత సహాయ నంబరు 1097లో గానీ మాట్లాడితే, ఎవరికి, ఎంతవరకు, ఏ వరుసలో చెప్పాలో తేల్చుకోవడానికి ఒక తోడు దొరుకుతుంది.