బంతి రాని గంటల్లో మీరేం చేస్తున్నారు?

బేస్‌బాల్‌లో అవుట్‌ఫీల్డర్ అని ఒకడుంటాడు. మన క్రికెట్‌లో బౌండరీ దగ్గర కాపలా కాసే ఫీల్డర్‌ది దాదాపు అదే పని. మూడు గంటల ఆటలో అతని వైపు వచ్చే బంతులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా సమయమంతా నిలబడటమే. కానీ జీతం ఇచ్చేది ఆ నాలుగైదు బంతుల కోసమే. ఒక్కటి చేజారితే మ్యాచే పోవచ్చు.

అందుకే మంచి అవుట్‌ఫీల్డర్ ఎవరో తెలియాలంటే బంతి రానప్పుడు అతన్ని గమనించాలి. జపాన్ ఆటగాడు ఇచిరో సుజుకీ 2001లో, 27 ఏళ్ల వయసులో, అమెరికాలోని సియాటిల్ మెరైనర్స్ జట్టులో చేరాడు. రైట్ ఫీల్డ్‌లో నిలబడి, బంతికీ బంతికీ మధ్య వంగేవాడు, కాళ్లు చాచేవాడు, గుంజీళ్లు తీసినట్టు కూర్చుని లేచేవాడు. ఆ ఏప్రిల్ 11న ఓక్లాండ్‌తో మ్యాచ్. ప్రత్యర్థి కొట్టిన బంతి ఇచిరో వైపు దూసుకొచ్చింది. మొదటి బేస్ దగ్గరున్న ఓక్లాండ్ ఆటగాడు టెరెన్స్ లాంగ్ రెండో బేస్ దాటేసి మూడోదాని వైపు పరుగు తీశాడు. ఇచిరో బంతి అందుకున్న ఊపులోనే విసిరాడు. అది నేలకు తగలకుండా నేరుగా వెళ్లి మూడో బేస్ దగ్గరి ఫీల్డర్ గ్లవ్‌లో పడింది. లాంగ్ అవుట్. ఇన్నేళ్ల తర్వాత కూడా బేస్‌బాల్ అభిమానులు ఆ త్రో గురించి చెప్పుకుంటూనే ఉన్నారు. అంతకుముందు నిలబడిన గంటల గురించి ఎవరూ చెప్పుకోరు. నాకు మాత్రం ఆ గంటలే ముఖ్యం.

ఇక మన విశాఖకు వద్దాం.

2000 జనవరిలో శ్రీలంకలో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టులో మన ఊరి కుర్రాడు యలక వేణుగోపాలరావు ఉన్నాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండలేదు. కెప్టెన్ మహ్మద్ కైఫ్. యువరాజ్ సింగ్ సహచరుడు. ఆ మార్చిలోనే కైఫ్ టెస్టు ఆడేశాడు. అక్టోబరుకల్లా యువరాజ్ వన్డే జట్టులోకి వచ్చేశాడు. 2002 జూలైలో లార్డ్స్‌లో నాట్‌వెస్ట్ ఫైనల్‌ను ఆ ఇద్దరూ గెలిపించి దేశాన్ని ఊపేశారు. వేణుగోపాల్‌కు అప్పటికింకా పిలుపు లేదు. ఆంధ్ర తరఫున దేశవాళీ క్రికెట్ ఆడుకుంటున్నాడు.

ఈ పరిస్థితి మీకు కొత్తేమీ కాదు. ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిపోయాడు. ఇంకొకడు అమెరికా విమానం ఎక్కాడు. మీరింకా ద్వారకానగర్‌లో గది తీసుకుని నోటిఫికేషన్ కోసం చూస్తున్నారు. ఫోన్ తెరిస్తే వాళ్ల ఫొటోలే. చాలామంది జారిపోయేది ఇక్కడే. ఎదుటివాడి స్కోరు చూస్తూ కూర్చుంటే తన వైపు వచ్చే బంతి కనపడదు.

వేణుగోపాల్ వైపు పెద్ద బంతి 2004 ఫిబ్రవరిలో వచ్చింది. దులీప్ ట్రోఫీలో ఇంగ్లండ్-ఎ జట్టు సౌత్ జోన్‌కు పెట్టిన లక్ష్యం 501. నాలుగో ఇన్నింగ్స్‌లో ఐదొందలంటే ఎవరైనా డ్రాతో బయటపడితే చాలనుకుంటారు. వేణుగోపాల్ 228 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. సౌత్ జోన్ నాలుగే వికెట్లు పోగొట్టుకుని గెలిచింది. నాలుగేళ్లు నిరాశతో చేతులు ముడుచుకుని కూర్చున్నవాడు ఆడగలిగే ఇన్నింగ్స్ కాదది.

అంత ఆడినా తలుపు వెంటనే తెరుచుకోలేదు. 2005 జూలై 30న దంబుల్లాలో శ్రీలంకపై తొలి వన్డే ఆడాడు. అదే రోజు తొలి వన్డే ఆడిన సురేశ్ రైనా మురళీధరన్ బౌలింగ్‌లో మొదటి బంతికే అవుటయ్యాడు. ఆ తర్వాత రైనా ఎంత దూరం వెళ్లాడో మనకు తెలుసు. వేణుగోపాల్ కెరీర్ 16 వన్డేలు, 218 పరుగుల దగ్గర ఆగింది. 2006 ఏప్రిల్‌లో అబుదాబిలో పాకిస్థాన్‌పై 61 నాటౌట్ కొట్టాడు. మే నెలలో ఆడిందే చివరి వన్డే. అప్పటికి వయసు 24.

కాబట్టి మీకు తియ్యటి మాటలు చెప్పను. సిద్ధంగా ఉన్నవాడికల్లా అవకాశం వస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. జట్టులో ఉండేది పదకొండు మందే. ఎంపిక మీ చేతుల్లో లేదు. సిద్ధంగా ఉండటం ఒక్కటే మీ చేతుల్లో ఉంది. అది వృథా కూడా పోదు, ఎందుకంటే అది మీరు ఊహించని మరో చోట అక్కరకొస్తుంది. 24 ఏళ్లకే జాతీయ జట్టు తలుపు మూసుకున్న వేణుగోపాల్ 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ జట్టులో ఉన్నాడు. తర్వాత ఢిల్లీకి, సన్‌రైజర్స్‌కు ఆడాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ఏడు వేలకు పైగా పరుగులు, 17 సెంచరీలు చేసి, 2019 జూలైలో ఆటకు వీడ్కోలు పలికాడు. తెలుగు కామెంటరీలో ఆయన గొంతు మీరు వినే ఉంటారు. 2024లో ఢిల్లీ క్యాపిటల్స్ ఆయన్ను డైరెక్టర్ ఆఫ్ క్రికెట్‌గా నియమించింది. పదహారు వన్డేలను వైఫల్యం అనేవాళ్లతో నేను ఏకీభవించను.

ఇచిరో కూడా 2019లోనే, మార్చిలో, ఆట ఆపేశాడు. అంతకు ముందు ఏడాది మే నెలలో క్లబ్ అతన్ని ఆటగాళ్ల జాబితాలోంచి తప్పించి సలహాదారు పదవి ఇచ్చింది. ఆ సీజన్లో మళ్లీ ఆడే వీల్లేదు. అయినా రోజూ జట్టుతో కలిసి ప్రాక్టీస్ చేశాడు. మరుసటి ఏడాది టోక్యోలో రెండు మ్యాచ్‌లు ఆడి, 45 ఏళ్ల వయసులో తన దేశ ప్రేక్షకుల ముందు సెలవు తీసుకున్నాడు.

అవకాశం లేని రోజుల్లోనూ సిద్ధంగా ఎందుకుండాలో మన స్టీల్ ప్లాంటులో పనిచేసేవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. బ్లాస్ట్ ఫర్నేస్‌లోంచి ఇనుము బయటికి వచ్చేది ట్యాపింగ్ వేళల్లోనే. వేడి మాత్రం మూడు షిఫ్టులూ ఉండాల్సిందే. ఒకసారి చల్లబడిందంటే మళ్లీ దారికి తేవడం మహా కష్టం. మన సన్నద్ధతా అంతే.

మరి రేపు పొద్దున్న ఏం చేయాలి? ఫలితంతో సంబంధం లేని చిన్న పని ఒకటి ఎంచుకోండి. బౌలర్ పరుగు మొదలుపెట్టగానే మంచి ఫీల్డర్ బంతి తన వైపు వస్తుందో రాదో ఆలోచించకుండా రెండడుగులు ముందుకు నడుస్తాడు. పోటీ పరీక్షల అభ్యర్థికి ఆ రెండడుగులు గడియారం పెట్టుకుని చేత్తో రాసే ఒక జవాబు కావచ్చు. పోర్టులో అప్రెంటిస్‌కు, పక్క సెక్షన్‌లోని క్రేన్ ఎలా పనిచేస్తుందో సీనియర్‌ని అడిగి తెలుసుకోవడం కావచ్చు. పావుగంట పనైనా చాలు, రోజూ జరగాలి. స్నేహితుడికి ఆఫర్ లెటర్ వచ్చిన రోజున మరీ తప్పకుండా జరగాలి.

ఎదురుచూపుకు గడువు కూడా పెట్టుకోండి. బ్యాటర్ అదేపనిగా మిడ్‌వికెట్ వైపు కొడుతుంటే థర్డ్‌మ్యాన్‌లో నిలబడటం సహనం అనిపించుకోదు. ఒక పరీక్షకు రెండుమూడేళ్లు నిజాయితీగా కష్టపడ్డాక చోటు మార్చడం ఓటమి కాదు. ఇంట్లో ఈ మాట చెప్పడానికి ధైర్యం కావాలి. అమ్మానాన్నలను కూర్చోబెట్టి, చేసిన పనంతా ముందుపెట్టి చెప్పండి.

చివరిగా ఒక ఐపీఎల్ మ్యాచ్ గుర్తుచేస్తాను. 2025 మార్చి 24న మన పీఎం పాలెం స్టేడియంలో లక్నోపై ఢిల్లీ లక్ష్యం 210. 65 పరుగులకే ఐదు వికెట్లు పడిపోయాయి. ఇంపాక్ట్ ప్లేయర్‌గా డగౌట్‌లోంచి లేచి వచ్చిన అశుతోష్ శర్మ తొలి 20 బంతుల్లో చేసింది 20 పరుగులే. తర్వాతి 11 బంతుల్లో 46 బాదాడు. మూడు బంతులు మిగిలుండగా ఒక్క వికెట్ తేడాతో ఢిల్లీ గెలిచింది. ఆ రాత్రి ఢిల్లీ డైరెక్టర్ ఆఫ్ క్రికెట్ హోదాలో ఉన్నది మన వేణుగోపాలే.