పంచాయతీ ట్రాక్టరుకు అదనపు దీపములు: రిలే అమరికలోని మెలకువలు

తెలంగాణమున 2019, 2020 సంవత్సరములలో పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలు ట్రాక్టరును, ట్రాలీని, నీటి టాంకరును సమకూర్చుకొన్నవి. పగటివేళ చెత్త సేకరించుట, మొక్కలకు నీరు పోయుట వీని నిత్యకృత్యములు. కాని చెరువు కట్టకు గండి పడినపుడు, మంచినీటి గొట్టము పగిలినపుడు రాత్రివేళ గూడ ట్రాక్టరు పనికి రావలసి యుండును. అందుచే పలుచోట్ల దీనికి వెనుకవైపున అదనపు దీపములు అమర్చుచున్నారు. ఈ పని చిన్నదే యైనను సక్రమముగా జరుగనిచో రెండు కీడులు వాటిల్లును. మరునాటి ఉదయము బండి కదలకపోవుట మొదటిది. తీగ వేడెక్కి నిప్పు అంటుకొనుట రెండవది. బిల్లుకు ఆమోదము తెలుపు సభ్యులు ఈ అమరిక తత్త్వమును కొంతయైన ఎరిగియుండుట అవసరము.

మొదట లెక్క చూతము. ఒక్కొక్కటి 55 వాట్ల దీపములు రెండు కలిసి 110 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ నుండి ఇవి రమారమి 9 ఆంపియర్ల ప్రవాహమును తీసికొనును. బ్యాటరీ 75 ఆంపియర్-గంటలది అనుకొందము. దీపములను తిన్నగా బ్యాటరీకి కలిపి, డ్రైవరు ఆర్పుట మరచినచో ఎనిమిది గంటలలో అది పూర్తిగా వట్టిపోవును. ఇంజనును త్రిప్పు శక్తి అంతకు ఎంతో ముందే నశించును. తెల్లవారిన పిమ్మట టాంకరు కదలదు. వేసవి యైనచో వీధి వీధి బిందెలతో నిలిచియుండును.

దీనికి ఉపాయము, తాళము త్రిప్పినపుడు మాత్రమే దీపములకు శక్తి అందునట్లు చేయుట. అయితే తాళపు స్విచ్చి నుండియే దీపములకు తీగ లాగవచ్చును గదా యని కొందరు తలపవచ్చును. అది తగదు. తాళపు స్విచ్చిలోని సన్నని స్పర్శలు తమకు ఏర్పరచిన భారమునకు మించి మోసినచో కాలిపోవును. అపుడు దీపములే గాక బండియు నిలిచిపోవును. ఈ చిక్కును తీర్చు సాధనమే రిలే.

రిలే పని తీరు రైతులకు క్రొత్తది కాదు. పొలములోని మోటారు స్టార్టరు పెట్టెను తలచుకొనుడు. పచ్చ మీట నొక్కగనే లోపలి తీగచుట్ట అయస్కాంతమై, పెద్ద స్పర్శలను లాగి కలుపును. మీట గుండా పోవునది స్వల్ప ప్రవాహము. మోటారునకు పోవునది పెద్ద ప్రవాహము. కరెంటు పోగనే చుట్ట పట్టు సడలి స్పర్శలు విడిపోవును. ట్రాక్టరు రిలే ఇట్టిదే. దాని చుట్టకు కావలసినది సాధారణముగా 0.2 ఆంపియరుకు లోపే. ఆ కొద్ది భారమును తాళపు స్విచ్చి సునాయాసముగా మోయగలదు.

రిలే కాళ్ళపై అంకెలు ముద్రింపబడి యుండును. 30వ కాలికి బ్యాటరీ నుండి ఫ్యూజు ద్వారా పెద్ద తీగ రావలెను. 87 నుండి దీపములకు తీగ పోవలెను. 86కు తాళముతో వచ్చు శక్తిని దీపపు స్విచ్చి ద్వారా చేర్చవలెను. 85ను బండి చట్రమునకు కలుపవలెను. కొన్ని రిలేలలో 87ఎ అను ఐదవ కాలు కూడ నుండును. రిలే విశ్రాంతిలో నున్నపుడు అది 30తో కలిసియుండును. పొరపాటున దీపపు తీగను దానికి కలిపినచో తాళము తీసిన తరువాతనే దీపము వెలుగును!

తాళముతో వచ్చు శక్తి ఏ తీగలో గలదో రంగును బట్టి నిర్ణయింపరాదు. రంగులు తయారీదారుని బట్టి మారును. ఫ్యూజు పెట్టెలో మల్టీమీటరుతో పరీక్షింపవలెను. తాళము తీసినపుడు 0, త్రిప్పినపుడు సుమారు 12 వోల్టులు చూపు చోటే సరియైనది. స్టార్టరు తిరుగు క్షణములో ఆ శక్తి ఆగినచో అది దోషము కాదు; బ్యాటరీకి భారము తగ్గును. ఇంజనును ఆపు సోలినాయిడు తీగ నుండి గాని, ఇంజను నియంత్రణ పెట్టె తీగల నుండి గాని శక్తిని తీసికొనరాదు.

పని చేయునపుడు బ్యాటరీ ఋణ కొసను మొదట విప్పి, చివర బిగింపవలెను. దీపములకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 15 ఆంపియర్ల ఫ్యూజు తగును. ఫ్యూజు బ్యాటరీకి అతి సమీపమున నుండవలెను. ఫ్యూజు కాపాడునది తీగను. ఫ్యూజుకు ముందున్న తీగకు రక్షణ లేదు. చుట్టకు పోవు సన్నని తీగకు 3 ఆంపియర్ల ఫ్యూజు చాలును. రేకు రంధ్రము గుండా తీగ పోవుచోట రబ్బరు వలయము తప్పనిసరి. చట్రమునకు కలుపుచోట రంగును గీకి బిగింపవలెను.

సొమ్ము చెల్లించుటకు పూర్వము సభ్యుల యెదుట ఈ పరీక్షలు జరుగవలెను. తాళము తీసి దీపపు స్విచ్చి వేసినచో దీపములు వెలుగరాదు. తాళము త్రిప్పి స్విచ్చి వేసినచో రిలే చప్పుడు వినబడి దీపములు వెలుగవలెను. ఇంజను నడచుచుండగా దీపముల వద్ద వోల్టులు బ్యాటరీ వద్ద నున్నవానికి దాదాపు సమానముగా నుండవలెను. మిక్కిలి తగ్గినచో అతుకు బలహీనమని అర్థము. అరగంట వెలిగించిన పిమ్మట తీగ గాని ఫ్యూజు పట్టు గాని చేతికి వేడి తగులరాదు.

అయినను ఈ అమరిక డ్రైవరు జాగ్రత్తకు బదులు కాదు. ఇంజను ఆపి తాళమును త్రిప్పియే యుంచినచో బ్యాటరీ వట్టిపోవుట తప్పదు. వారంటీ గల బండికి తీగలు కోయుటకు ముందు డీలరు సమ్మతి పొందవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను రిజిస్ట్రేషను వివరములకు భిన్నమగు మార్పులను నిషేధించుచున్నందున, రవాణా కార్యాలయమున విచారించుకొనుట మంచిది. పని దీపములను రోడ్డుపై వెలిగించుట ఎదుటివారి కన్నులకు ప్రమాదకరము.

తీగల పటమొకటి గీయించి, ఫ్యూజుల కొలతలతో సహా ట్రాక్టరు రిజిస్టరులో భద్రపరుపుడని మేము కోరుచున్నాము. డ్రైవరు మారవచ్చును, మెకానిక్ మారవచ్చును, పాలకవర్గము మారవచ్చును. బండి మాత్రము గ్రామ ప్రజలది; దాని లెక్క కూడ గ్రామమునందే నిలిచియుండవలెను.