యుద్ధకాలపు ట్రాన్స్‌మిటర్‌ను మళ్ళీ పలికించాలంటే

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ హ్యామ్ రేడియో మీద మనసు పడిన తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా పగలంతా స్క్రీన్ ముందు కూర్చుని, సాయంత్రానికి చేతులతో ఏదైనా చేయాలనిపించే ఇంజనీర్ల కోసం, టెక్నీషియన్ల కోసం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమాన ట్రాన్స్‌మిటర్ ఒకటి కొని బాగుచేసి అమెచ్యూర్ బ్యాండ్‌లో మోగించడం మీ వల్ల అయ్యే పనే. అయితే పనుల వరుస తప్పితే సెట్టుకూ ప్రమాదమే, మీకూ ప్రమాదమే.

మొదటిసారి చేసేవాళ్ళు కమాండ్ సెట్లతో మొదలుపెట్టాలని నా సలహా. ఆర్మీ విమానాల్లో వీటిని ఎస్‌సీఆర్-274-ఎన్ అనేవారు, నేవీలో తర్వాత వచ్చినవి ఏఆర్‌సీ-5. న్యూజెర్సీలోని బూన్టన్‌లో ఉన్న ఎయిర్‌క్రాఫ్ట్ రేడియో కార్పొరేషన్ వీటిని రూపొందించింది. బీ-17 బాంబర్లలో ఇవే ఉండేవి. యుద్ధం అయిపోయాక కుప్పలుగా మిగిలిపోతే, కొద్ది డాలర్లకే హ్యామ్‌ల చేతికి వచ్చాయి. ఒక్కో ట్రాన్స్‌మిటర్ ఒక్కో ఫ్రీక్వెన్సీ ముక్కకు పనిచేస్తుంది. బీసీ-459 అయితే 7 నుంచి 9.1 మెగాహెర్ట్జ్, బీసీ-696 అయితే 3 నుంచి 4. మొదటిది 40 మీటర్ల బ్యాండ్‌కి, రెండోది 80 మీటర్లకి సరిపోతాయి. లోపల ఉండేది నాలుగు వాల్వులే: ఆసిలేటర్‌గా 1626, చివరి దశలో జంటగా 1625లు, ట్యూనింగ్ చూపించే ఆకుపచ్చ కన్ను 1629. మోర్స్‌లో సుమారు 40 వాట్లు ఇస్తుంది. టేబుల్ మీద పట్టే పరిమాణం. సర్క్యూట్ అంతా ఒక్క కాగితంలో ఇమిడిపోతుంది కాబట్టి ఏ భాగం ఏం చేస్తోందో మీకు పూర్తిగా అర్థమవుతుంది. బీసీ-610 లాంటి భారీ సెట్టు చూడగానే ఆశ పుడుతుంది. కానీ దాన్ని ఒక్కరు ఎత్తలేరు, లోపల 2,000 వోల్టులుంటాయి. అది తర్వాత చూసుకోవచ్చు.

ముందు లైసెన్సు సంగతి. ఎఫ్‌సీసీ అమెచ్యూర్ లైసెన్సుకు అమెరికా పౌరసత్వం అక్కర్లేదు. విదేశీ ప్రభుత్వ ప్రతినిధులకు తప్ప ఎవరికైనా ఇస్తారు, హెచ్-1బీ మీద ఉన్నా సరే. టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలకు 26 సరైన జవాబులు కావాలి. మోర్స్ పరీక్ష 2007 నుంచి లేదు. టెక్నీషియన్ లైసెన్సుతోనే 7.025 నుంచి 7.125 మెగాహెర్ట్జ్ దాకా మోర్స్‌లో ప్రసారం చేయవచ్చు కాబట్టి బీసీ-459కి అది చాలు. దాని పై స్థాయి జనరల్ లైసెన్సు తీసుకుంటే ఇంకా విశాలం. వీసా మీద ఉన్నవాళ్ళు ఒక మాట గుర్తుపెట్టుకోండి. మీ సెట్టు మీరు బాగు చేసుకోవడం సరదా. ఇతరుల సెట్లు డబ్బు తీసుకుని బాగుచేస్తే అది ఉద్యోగమవుతుంది, హెచ్-1బీ దానికి ఒప్పుకోదు.

ఇక కొనడం. మే నెలలో ఒహాయో రాష్ట్రం జీనియాలో జరిగే హ్యామ్‌వెన్షన్‌కు వెళితే ఇలాంటివి కళ్ళారా చూసి, తిప్పి చూసి కొనుక్కోవచ్చు. ఫోటో చూసి కొనేకన్నా అదే మేలు. యుద్ధం తర్వాత పత్రికల్లో 'ఇలా మార్చుకోండి' అంటూ వ్యాసాలు వచ్చాయి. అవి చదివి ఎంతోమంది డ్రిల్లు పట్టుకుని ముందు పలకకు రంధ్రాలు చేశారు, తీగలు కత్తిరించారు, 1629 తీసి పారేశారు. అందుకే ఇప్పుడు చేయి పడని సెట్టు దొరికితే దాని విలువ వేరు. పైన తుప్పు ఉన్నా, పెయింటు పోయినా పర్వాలేదు. లోపల తీగలు ఫ్యాక్టరీలో కట్టినట్టే ఉన్నాయా, రోలర్ కాయిల్ తిరుగుతోందా, ట్యూనింగ్ గేర్లు పళ్ళు విరగకుండా ఉన్నాయా చూడండి. ఎవరో అప్పటికే కోసేసిన సెట్టు చవగ్గా దొరికితే, అది నేర్చుకోవడానికి మంచిది. ముట్టని సెట్టు దొరికితే మాత్రం మీరు చేసే ప్రతి మార్పూ రేపు విప్పేసేలా ఉండాలి. ఈ విషయంలో నేను చాలా కచ్చితం. 80 ఏళ్ళు నిలిచిన వస్తువుకు మన తరంలో కొత్త రంధ్రం పడకూడదు.

ఇంటికి తెచ్చాక దాన్ని వెంటనే ప్లగ్గులో పెట్టొద్దు. మొదట ఫోటోలు తీయండి, అన్ని వైపుల నుంచీ. ఆ తర్వాత మాన్యువల్ సంపాదించండి. అమెరికా సైన్యపు మాన్యువళ్ళు స్కాన్ చేసినవి ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో రాత చాలా స్పష్టంగా ఉంటుంది. కొత్తగా చేరిన సైనికుడికి అర్థం కావాలని రాసినవి మరి.

కెపాసిటర్లే ఈ సెట్ల బలహీనత. లోపల చిన్న లోహపు డబ్బాలో మూడు విభాగాల పేపర్ కెపాసిటర్ ఒకటి ఉంటుంది. ఇన్నేళ్ళకు అది దాదాపు ఎప్పుడూ లీకవుతూనే ఉంటుంది. మామూలు మల్టీమీటర్‌తో చూస్తే బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు, ఎందుకంటే మీటరు ఇచ్చేది కొద్ది వోల్టులే. అసలు పనిచేసే వోల్టేజీ దగ్గర, కరెంటుకు పరిమితి పెట్టి పరీక్షిస్తేనే నిజం తెలుస్తుంది. డబ్బా అక్కడే ఉంచి, దాని తీగలు విడదీసి, కొత్త ఫిల్మ్ కెపాసిటర్లు పక్కన పెట్టండి. డబ్బా కోసి లోపలిది తీసి కొత్తది దాచాలని కొందరికి ఉంటుంది. నూనె నింపిన డబ్బాల్లో పీసీబీ అనే విష రసాయనం ఉండే అవకాశం ఉంది, అందుకే నేను కోయొద్దంటాను. సైనిక పరికరాల్లో మరో రెండు జాగ్రత్తలు: చీకట్లో మెరిసే అక్షరాలున్న డయళ్ళ పెయింటులో రేడియం ఉండొచ్చు, దాన్ని గీకకూడదు, ఊదకూడదు. తేమ, బూజు తగలకుండా పూసిన పసుపు వార్నిష్‌లో కొన్నిసార్లు పాదరస సమ్మేళనాలుంటాయి. దాని మీద సోల్డరింగ్ చేసేటప్పుడు కిటికీ తెరిచి, ఫ్యాన్ పెట్టుకోండి.

తర్వాత హీటర్లు. 1625లు రెండూ సిరీస్‌లో, 1626, 1629 సిరీస్‌లో ఉంటాయి. ఒక్కోటి 12.6 వోల్టులు కాబట్టి 25 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. ఇక్కడే చాలామంది తికమకపడే చోటు ఒకటుంది. 1626 హీటర్‌కు 0.25 ఆంపియర్ కావాలి, 1629కి 0.15 చాలు. మిగిలిన 0.1 ఆంపియర్ పోవడానికి 1629 హీటర్‌కు పక్కగా 126 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టారు. అది తెగిపోతే కన్ను వాల్వు మీద వోల్టేజీ పెరిగి కాలిపోతుంది, ఆసిలేటర్ వాల్వు చాలినంత వేడెక్కదు. ఆసిలేటర్ బలహీనంగా ఉందని కొత్త 1626 కొనేముందు ఆ రెసిస్టర్ కొలవండి.

విమానంలో డైనమోటర్ ఇచ్చిన 550 వోల్టులకు పైగా విద్యుత్తును మీరు ఇంటి 120 వోల్టుల నుంచి తయారుచేసుకోవాలి. ఈ భాగంలో తొందర పనికిరాదు. ఫిల్టర్ కెపాసిటర్లకు అడ్డంగా బ్లీడర్ రెసిస్టర్ తప్పనిసరి. స్విచ్ తీసేశాక ఒక నిమిషం ఆగి, మీటరుతో సున్నా చూసి, ఎర్తింగ్ కర్రతో తాకించి, అప్పుడే చేయి పెట్టాలి. కొలిచేటప్పుడు ఒక చేయి జేబులో ఉంచుకోండి. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చిన రాత్రి హై వోల్టేజీ జోలికి పోవద్దు. ఆ రోజు గేర్లకు పట్టిన పాత గ్రీజు తుడుచుకోండి, మాన్యువల్ చదువుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే గదికి తాళం ఉండాలి.

మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు హీటర్లు మాత్రమే. తర్వాత ఆసిలేటర్‌కు సుమారు 200 వోల్టులు. అది సరిగ్గా పలుకుతోందని పక్క రిసీవర్‌లో విన్నాక, చివరి దశకు వేరియాక్‌తో నెమ్మదిగా. ప్లేటుకు వోల్టేజీ లేకుండా స్క్రీన్‌కు మాత్రం ఇవ్వకండి, స్క్రీన్ గ్రిడ్ ఎర్రగా కాలిపోతుంది. నేనైతే 400 వోల్టుల దగ్గరే ఆగుతాను. పవర్ కొంత తగ్గుతుంది, అవతలివాళ్ళకు ఆ తేడా పెద్దగా తెలియదు. పాత ట్రాన్స్‌మిటర్ మాత్రం ఎక్కువకాలం బతుకుతుంది.

కీ నొక్కగానే స్వరం పిట్టలా 'చిర్ప్' మని జారడం వీటికి పాత జబ్బు. లోడ్ పడినప్పుడు ఆసిలేటర్ వోల్టేజీ కుంగడమే ముఖ్య కారణం. దానికి విడిగా రెగ్యులేటెడ్ సప్లయ్ ఇస్తే చాలావరకు తగ్గుతుంది. వీఆర్-105, వీఆర్-150 వాల్వులు సిరీస్‌లో పెడితే 255 వోల్టులు స్థిరంగా వస్తాయి. ఆ కాలపు పద్ధతి అదే, చూడడానికి అందంగా కూడా ఉంటుంది.

యాంటెన్నా దగ్గర ఇంకో చిక్కు. ఈ సెట్టు విమానం మీది పొట్టి తీగకు చేసినది, 50 ఓమ్‌ల కేబుల్‌కు కాదు. రోలర్ కాయిల్‌ను దాదాపు పూర్తిగా తగ్గించి, బయట సిరీస్‌లో ఒక వేరియబుల్ కెపాసిటర్ పెడితే లోడ్ తీసుకుంటుంది. కేబుల్‌లో లో-పాస్ ఫిల్టర్ తప్పక పెట్టండి. 30 మెగాహెర్ట్జ్‌లోపు కొత్త ట్రాన్స్‌మిటర్లలో అనవసర సంకేతాలు అసలు సిగ్నల్ కన్నా కనీసం 43 డెసిబెల్స్ తక్కువ ఉండాలన్నది నేటి లెక్క. ఈ పరీక్షలన్నీ డమ్మీ లోడ్ మీదే చేయండి.

ఈ పని మీ ఉద్యోగానికీ పనికొస్తుంది. కొలిచిన ప్రతి వోల్టేజీనీ, మార్చిన ప్రతి భాగాన్నీ తేదీతో నోటుపుస్తకంలో రాసుకుంటే, ఆర్ఎఫ్ లేదా హార్డ్‌వేర్ ఉద్యోగానికి వెళ్ళినప్పుడు 'ఒక లోపాన్ని ఎలా పట్టుకున్నారో చెప్పండి' అన్న ప్రశ్నకు మీ దగ్గర నిజమైన జవాబుంటుంది. కోర్సు చేశానని చెప్పేదానికి ఉండని బరువు దానికుంటుంది.

తిరిగి వెళ్ళిపోయేటప్పుడు ట్రాన్స్‌మిటర్‌ను సూట్‌కేసులో పెట్టుకుని విమానం ఎక్కవద్దు. భారత్‌లోకి ప్రసార పరికరం తేవడానికి ఢిల్లీలోని డబ్ల్యూపీసీ విభాగం అనుమతి కావాలి. అమెరికా లైసెన్సు చేతిలో ఉంది కదా అని హైదరాబాద్‌లో కీ నొక్కడానికీ వీల్లేదు, దానికీ అక్కడి లైసెన్సు ఉండాలి. దారి తెలియకపోతే హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, అడగవచ్చు. అక్కడ 40 మీటర్ల బ్యాండ్ 7.2 మెగాహెర్ట్జ్ దగ్గరే ముగుస్తుంది, అమెరికాలోలా 7.3 దాకా ఉండదు.

మొదటి సీక్యూ పిలిచే రోజు సెట్టును 20 నిమిషాలు వేడెక్కనివ్వండి. బీసీ-459 డయల్ సరిగ్గా 7 మెగాహెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది, అదే బ్యాండ్ అంచు. డయల్ కొద్దిగా తప్పు చూపినా మీరు బ్యాండ్ బయట ఉంటారు. లోపలి 8,000 కిలోహెర్ట్జ్ క్రిస్టల్‌తో డయల్ సరిచూసుకుని, ఫ్రీక్వెన్సీ కౌంటర్‌తో మళ్ళీ కొలిచి, 7.050 ప్రాంతంలో నెమ్మదిగా పిలవండి.