విహారమునకు తగిన సైకిలు: మౌంటెన్ బైకు, హైబ్రిడ్ – ఒక పరిశీలన

వాహనము మనిషి అవసరమును బట్టి పుట్టును. కాని కొనువారు తరచుగా దానిని రూపమును బట్టి కొనుచుందురు. ఒక విద్యార్థి ఇంటిలో సైకిలు కొనుట అనగా కొన్ని నెలల పొదుపును ఒక్కనాడు వ్యయము చేయుటయే. అట్లు కొన్న సైకిలు నాలుగు వారములు తిరిగి, పిదప మెట్ల క్రింద దుమ్ము పట్టియుండుట గుడిమల్కాపూరు ఇండ్లలో అరుదైన దృశ్యము కాదు. తొక్కువాని సోమరితనమే దీనికి కారణమని పెద్దలు అనుకొందురు. పెక్కు సందర్భములలో లోపము ఎంపికలోనే ఉన్నదని మా అభిప్రాయము. కనుక ఉదయమున ఒక గంట ఆరోగ్యము కొరకు, ఆహ్లాదము కొరకు తిరిగి రాదలచిన వారు మౌంటెన్ బైకు, హైబ్రిడ్ అను రెండు రకములలో దేనిని ఎన్నుకొనవలెనో ఈ వ్యాసమున పరిశీలింతము.

నల్ల సైకిళ్ళ కాలము

మన తండ్రుల తరమునకు ఈ ప్రశ్నయే లేదు. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో కర్మాగారములు వెలసినవి. ఏ పేరుతో వచ్చినను ఆనాటి సైకిలు రూపము దాదాపుగా ఒక్కటే: 28 అంగుళముల చక్రములు, అంగుళమున్నర వెడల్పు టైర్లు, నల్ల రంగు, స్ప్రింగుల సీటు, వెనుక క్యారియర్, దిగువన డబుల్ స్టాండు. గంటల లెక్కన వీటిని కిరాయికిచ్చు దుకాణములను హైదరాబాదులో 'సైకిల్ టాక్సీ' అనెడివారు. సీటు అందని బాలురు త్రికోణమైన ఫ్రేములో నుండి కాలు దూర్చి తొక్కెడివారు. కత్తెర అను అర్థము గల 'ఖైంచీ' అను ఉర్దూ మాట ఆ పద్ధతికి పేరైనది. ఆ సైకిలు బరువైనదే. అయినను నడుము నిటారుగా ఉంచి ఎంతో దూరము సాగుటకు అనువైనదై యుండెను. ఈ లక్షణమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీని ప్రయోజనము ముందు తెలియగలదు.

రెండు రకముల పుట్టుక

మౌంటెన్ బైకు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మారిన్ కౌంటీలో పుట్టినది. 1970ల దశకములో అచటి యువకులు లావు టైర్లు గల పాత ష్విన్ సైకిళ్ళను బాగుచేసి, టామల్‌పైస్ పర్వత పరిసరములలోని మట్టి దారుల వెంట దిగువకు దౌడు తీసెడివారు. 1976లో మొదలైన ఒక పందెమునకు 'రీప్యాక్' అను పేరు వచ్చినది. దిగునపుడు వెనుక చక్రపు బ్రేకు వేడెక్కి లోని గ్రీజు కాలిపోయెడిది. ప్రతి పర్యాయము మరల గ్రీజు నింపవలసి వచ్చెడిది. అదియే ఆ పేరునకు కారణము. జో బ్రీజ్, టామ్ రిచీ వంటి వారు ఇట్టి దారులకై ప్రత్యేకముగా ఫ్రేములు తయారుచేసిరి. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీలు తమ వ్యాపారమునకు పెట్టుకొన్న పేరే తరువాత ఆ జాతికంతటికి పేరైనది. 1996 అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో మౌంటెన్ బైకు పందెము ప్రవేశపెట్టబడినది.

కొండ దిగుటకు పుట్టిన సైకిలును కొన్నవారిలో అధికులు తారు రోడ్డు మీదనే తిరుగుచుండిరి. ఆ అవసరము నుండి వచ్చినదే హైబ్రిడ్, అనగా సంకర జాతి. దీనికి మౌంటెన్ బైకు యొక్క తిన్నని హ్యాండిలు, తేలికగా తొక్కుటకు వీలైన గేర్లు, రేసు సైకిలు యొక్క పెద్ద సన్నని చక్రములు సమకూర్చబడినవి.

భేదములు

మొదటి భేదము టైరులో ఉన్నది. మౌంటెన్ బైకు టైరు సుమారు 50 మొదలు 60 మిల్లీమీటర్ల వెడల్పు కలిగి, పైన గుబ్బలతో ఉండును. హైబ్రిడ్ టైరు 35 మొదలు 45 మిల్లీమీటర్ల వెడల్పుతో నునుపుగా ఉండును. చక్రము తిరుగునపుడు నేలను తాకిన రబ్బరు అణగి మరల యథాస్థితికి వచ్చును. ఈ క్రియలో మన శక్తిలో కొంత వేడిగా మారి వృథా యగును. తారు మీద గుబ్బలు వంగుచు లేచుచు ఈ నష్టమును పెంచును. రాళ్ళ దారిలో పరిస్థితి వేరు. అచట తక్కువ గాలి గల లావు టైరు రాతిని తనలో ఇముడ్చుకొని, శరీరమునకు కుదుపు తగ్గించి, పట్టు నిచ్చును.

రెండవది ముందు ఫోర్కులోని షాకబ్జర్. కొండ దారిలో ఇది రక్షకము. చదునైన రోడ్డుపై లేచి నిలబడి తొక్కునపుడు మాత్రము అది క్రిందికి పైకి ఊగి శ్రమలో కొంత భాగమును మ్రింగివేయును. అనేక హైబ్రిడ్‌లకు ఇది ఉండదు. ఉన్నచో బిగించి ఉంచుటకు మీట ఉండుట మేలు.

మూడవది బరువు. తక్కువ ధర మౌంటెన్ బైకు 16 మొదలు 18 కిలోలు తూగుట సాధారణము. ఓ మోస్తరు హైబ్రిడ్ 12 మొదలు 15 కిలోలలోపు ఉండును. మూడవ అంతస్తులో నివసించి, రాత్రి సైకిలును మెట్ల మీదుగా మోయువారికి ఈ తేడా చిన్నది కాదు.

మన దారులు

ఇక మన ప్రాంతమును చూతము. గుడిమల్కాపూరు నుండి విహారమునకు బయలుదేరువారు సాధారణముగా లంగర్ హౌజ్ మీదుగా పడమటికి సాగుదురు. తారామతి బారాదరి ఉన్న ఇబ్రహీంబాగ్, నార్సింగి దాటిన పిమ్మట 1920లో పూర్తియైన ఉస్మాన్ సాగర్, అనగా గండిపేట చెరువు, చేరవచ్చును. మరియొక వైపు 1927 నాటి హిమాయత్ సాగర్ కలదు. నార్సింగి పరిసరములలోనే ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన సౌర ఫలకముల నీడతో నిర్మించిన 23 కిలోమీటర్ల సైకిలు మార్గము 2023 అక్టోబరు 1న ప్రారంభింపబడినది. ఈ దారులన్నిటిలో గుంతలు, స్పీడ్ బ్రేకర్లు, దక్కను పీఠభూమికి సహజమైన ఎత్తుపల్లములు ఉన్నను, తొక్కునది ముఖ్యముగా తారు, సిమెంటు మీదనే. పూల మార్కెటు వద్ద ఉదయమున తడిసిన ఆకులు, కాడలు జారుడు కలిగించును. అచట ఏ టైరైనను వేగము తగ్గించుటయే రక్షణ.

కనుక ఈ దారులలో తిరుగువారిలో అధికులకు 40 మిల్లీమీటర్ల టైర్లు గల హైబ్రిడ్ తగినదని మేము నిర్ణయింతుము. ఈ కొలత నాటి నల్ల సైకిలు టైరుకు ఇంచుమించు సమానము. మన రోడ్లకు ఏది పనికివచ్చునో మన పెద్దలు అనుభవములో చూచియే యుండిరి. వారాంతమున చెరువుల చుట్టు మట్టి దారులు, గుట్టలు ఎక్కి దిగువారికి మాత్రము మౌంటెన్ బైకే తగును.

కొనుగోలులో జాగ్రత్తలు

చవక ధరకు ముందు వెనుకల రెండు స్ప్రింగులు పెట్టి, 'మౌంటెన్' అని స్టిక్కరు అంటించిన సైకిళ్ళు బజారులో కలవు. వీటిలో కొన్నిటికి గేర్లే ఉండవు. ఇవి కొండకు బలము చాలక, రోడ్డుకు తేలిక చాలక రెంటికి చెడును. అదే ధరకు స్ప్రింగులు లేని గట్టి ఫ్రేము, మంచి బ్రేకులు గల సైకిలు దొరికినచో అదియే లాభము.

టైరు ప్రక్కన 40–622 వంటి అంకెలు అచ్చై యుండును. మొదటిది వెడల్పు, రెండవది టైరు కూర్చుండు చోట రిమ్ము వ్యాసము, మిల్లీమీటర్లలో. హైబ్రిడ్‌కు, 29 అంగుళముల మౌంటెన్ బైకుకు ఈ రెండవ అంకె 622 గానే ఉండును. పాత 28 అంగుళముల నల్ల సైకిలుకు 635. కావున ఇంటిలోని పాత టైరు క్రొత్త రిమ్ముకు కుదురదు. ఇదివరకే మౌంటెన్ బైకు కొన్నవారు నిరాశ పడనక్కరలేదు. అదే రిమ్ముకు సరిపడు నునుపు టైర్లు రెండు మార్చినచో వారి సైకిలు రోడ్డు మీద తేలికగా సాగును. క్రొత్తది కొను వ్యయము తప్పును.

విద్యార్థినులు మరియొక సంగతి గమనింపవలెను. గేర్ల సైకిళ్ళకు సాధారణముగా చైనును పూర్తిగా కప్పు కవరు ఉండదు. షల్వారు అంచు, బుర్ఖా కొంగు చైనులో చిక్కుట ప్రమాదకరము. ఎక్కుటకు వీలుగా ఫ్రేము క్రిందికి వంగి, చైను కవరు గల నమూనాలు హైబ్రిడ్ జాతిలో లభించును. తొక్కుటకు ముందు దుస్తుల అంచును పట్టీతో బిగించుట అందరికి అవసరమే.

చివరగా, ఫ్రేము కొలత సరిగా లేనిదే ఏ రకమైనను సుఖము నీయదు. సైకిలుకు ఇరువైపుల కాళ్ళు పెట్టి నిలబడినపుడు పైకడ్డీకి, శరీరమునకు నడుమ రెండు అంగుళములైనను ఎడము ఉండవలెను. పెడలు దిగువన ఉన్నపుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగవలెను. దుకాణదారును అడిగి ఒక వీధి చుట్టి వచ్చిన పిదపనే పైకము చెల్లించుట వివేకము. కొనునపుడు హెల్మెటుకు, వెనుక ఎర్ర దీపమునకు కొంత సొమ్ము విడిగా ఉంచవలెను.

నేను ఏ దారిలో పోవుదును? వారములో ఎన్ని దినములు పోవుదును? రాత్రి సైకిలును ఎచట ఉంచుదును? విద్యార్థి మిత్రులు ఈ మూడు ప్రశ్నలకు ఇంటివద్దనే సమాధానము వ్రాసికొని బజారుకు వెళ్ళుదురు గాక. అపుడు తండ్రి పొదుపు సార్థకమగును. సైకిలు మెట్ల క్రింద నిలువక దారిలో సాగును.