గాజు సీసాలో చెట్టు కప్ప

ప్రశ్న: మా వాడు ఎనిమిదో తరగతి. పోయిన ఆదివారం ఎగువ అహోబిలం నుంచి దిగి వస్తూ, భవనాశి వాగు పక్కన ఆకు మీద కూర్చున్న చెట్టు కప్పను నీళ్ల బాటిల్లో వేసుకొచ్చాడు. బూడిదరంగు ఒళ్లు, వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు, తొడల వెనక పసుప్పచ్చ చుక్కలు. పచ్చళ్ల గాజు సీసాలో ఉంచాం. అన్నం మెతుకులు, బ్రెడ్డు ముక్క, అరటిపండు పెట్టినా నాలుగు రోజులుగా ముట్టలేదు. దానికేం పెట్టాలి? నీళ్లు రోజూ మార్చాలా?
- ఒక తల్లి, ఆళ్లగడ్డ

జవాబు: అమ్మా, అది అలిగి మానేయలేదు. కదలనిది కప్ప కంటికి తిండిగా ఆనదు. సీసా అడుగున పడున్న మెతుకు దాని లెక్కలో గులకరాయితో సమానం. మీరు చెప్పిన గుర్తులను బట్టి ఇది మన దేశమంతా కనిపించే మామూలు చెట్టు కప్పే. శాస్త్రవేత్తలు పాలీపెడేట్స్ మాక్యులేటస్ అంటారు. ఇంగ్లీషులో చూనమ్ ఫ్రాగ్ అని ఇంకో పేరుంది, చూనమ్ అంటే మన సున్నమే. పగలు చల్లటి మూల చూసుకుని కాళ్లు ముడుచుకుంటుంది, పొద్దుగూకాక వేటకు దిగుతుంది. కీచురాళ్లు, మిడతలు, బొద్దింక పిల్లలు, దీపం చుట్టూ మూగే రెక్కల పురుగులు దాని భోజనం, అదీ ప్రాణంతో కదులుతూ ఉండాలి. కాబట్టి కప్పకు ఏం పెట్టాలన్న మీ ప్రశ్న, ఆ పురుగులకు ఏం పెట్టాలన్న దగ్గరికి వెళుతుంది. చెట్టు కప్పలను పెంచేవాళ్లు ఎదిగిన కప్పకు వారానికి రెండు మూడు సార్లు, పూటకు నాలుగైదు పురుగులు వేస్తారు. పురుగు కప్ప రెండు కళ్ల నడిమి ఎడం కంటే పెద్దది కాకూడదు. అక్కడితో అయిపోలేదు. పురుగు ఒంట్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. అడవిలో కప్ప పది రకాలు తిని ఆ లోటు పూడ్చుకుంటుంది. ఇంట్లో ఒకే రకం తింటే ఎముకలు మెత్తబడతాయి, దవడ వంగుతుంది, కాళ్లు వణుకుతాయి. అందుకని ముందు రోజు పురుగులకు ఆకుకూర, క్యారెట్ మేపి, పైన కాల్షియం పొడి చల్లి మరీ వేస్తారు. అంటే ఒక్క కప్ప కోసం ఇంట్లో పురుగుల సంసారం పెట్టాలన్నమాట. రాత్రంతా కీచురాళ్ల కచేరీ ఉచితం.

పొలంలో మిడతలకేం కరువని మీరనొచ్చు. కరువు లేదు, చిక్కంతా మందులతోనే. మీ చుట్టూ ఉన్నవి పత్తి, మిరప, వరి చేలు. మందు కొట్టని వారం తక్కువ. పైగా మందు తగిలి సగం చచ్చిన మిడతే పిల్లాడి చేతికి సులువుగా చిక్కేది. కప్ప దాన్ని నమలదు, మందుతో సహా గుటుక్కున మింగుతుంది. నీళ్ల సంగతీ అంతే. కప్ప నోటితో తాగదు, తడి మీద కూర్చుని పొట్ట, తొడల కింది చర్మంతో పీల్చుకుంటుంది. ఓవర్‌హెడ్ ట్యాంకులో బ్లీచింగ్ పొడి కలిపిన రోజు మనకు వాసనే తెలుస్తుంది, దాని ఒంట్లోకి క్లోరినే వెళుతుంది. నీళ్లు రోజూ మార్చాల్సిందే, కానీ వెడల్పాటి పాత్రలో మూత లేకుండా ఒక రోజు నిలవ ఉంచినవి పోయాలి. నల్లమల అంచున ఎండ నలభై డిగ్రీలు దాటే ఊళ్లలో మూత బిగించిన గాజు సీసా ఎంతగా కాగుతుందో మీకు చెప్పనక్కర్లేదు.

అమెరికాలో మనవాళ్ల పిల్లలే గాజు పెట్టెల్లో చెట్టు కప్పలను పెంచుతున్నారు కదా, మనమెందుకు పెంచకూడదు అనే మాటా వస్తుంది. న్యాయమైన మాటే. ఆస్ట్రేలియాకు చెందిన వైట్స్ ట్రీ ఫ్రాగ్ మనుషుల దగ్గర 15 ఏళ్లకు పైగా బతికిన సందర్భాలున్నాయి. అయితే అక్కడ అమ్మేవాటిలో చాలావరకు తరాలుగా పెట్టెల్లోనే పుట్టి పెరిగిన కప్పలు. వాటి వెనక కీచురాళ్లను డబ్బాల్లో అమ్మే దుకాణాలు, కాల్షియం పొడులు, వేడినీ తేమనూ కొలిచే మీటర్లు, కప్పను చూడగలిగిన పశువైద్యుడు ఉంటారు. వాగు పక్కన పట్టిన కప్పకు ఆళ్లగడ్డలో ఈ బలగం ఎక్కణ్నుంచి తెస్తాం? అంత బలగం ఉన్నా ఆ వ్యాపారం చేసిన చేటు చిన్నది కాదు. కప్పల చర్మాన్ని తినే కైట్రిడ్ బూజు దేశాలు దాటడానికి కప్పల రవాణా ఒక ముఖ్య దారి అయింది. ఆ బూజు వల్ల 500 జాతులకు పైగా తగ్గిపోయాయనీ, 90 జాతులు ఇక లేనట్టేననీ 2019లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. చట్టం సంగతి ఒక్క ముక్కలో: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 29వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యం నుంచి ఏ వన్యప్రాణినీ బయటికి తేకూడదు. మీవాడు కప్పను పట్టిన చోటు అభయారణ్యం పరిధిలో ఉంటే, కప్పకూ మినహాయింపు లేదు.

వదిలేస్తే ఏ పామో మింగుతుందని పిల్లాడు ఏడుస్తాడు. మింగొచ్చు. సీసాలో మాత్రం ఆకలితో చావడం దాదాపు ఖాయం. బయట పాము సంగతి చూసుకునే తెలివి దానికి పుట్టుకతో వచ్చింది, మెతుకులతో బతికే తెలివి రాలేదు. కనుక ఇవాళే సాయంత్రం బయల్దేరండి. సీసా వద్దు, మూతకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో తడి ఆకులు పరిచి తీసుకెళ్లండి. సబ్బు, నూనె అంటని తడి చేత్తో పట్టుకోవాలి. ఎక్కడ దొరికిందో అక్కడే, చీకటి పడేవేళ వదలండి. దగ్గర్లో చెరువుందని అక్కడ వదలకండి.

పిల్లాడి సరదా చంపక్కర్లేదు. పెరట్లో నాలుగు వెడల్పాకు మొక్కలు, గోడకు ఒక బల్బు, కింద మట్టి మూకుడులో నీళ్లు ఉంచండి. రోజూ మారిస్తే దోమలూ రావు. మీ వీధిలో చెట్టు కప్ప ఉంటే తొలి వానలకు ఆ బల్బు దగ్గరికి అదే వస్తుంది. అది పురుగును మింగేటప్పుడు మీ వాణ్ని కళ్లు చూడమనండి. రెండు గుడ్లూ తలలోకి దిగబడి, పురుగును లోపలి నుంచి గొంతులోకి నెడతాయి. సీసాలో నాలుగు రోజులు చూసినా మీవాడికి ఇది కనపడలేదు.

ప్రశ్న: మా స్నానాల గదిలో ఇలాంటి కప్పే గోడకు అంటుకుని ఉంటోంది. విషమా? తోలేయాలా?
- ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: కాటు వెయ్యదు, విషం చిమ్మదు. బొద్దింకల కోసం, తడి కోసం వచ్చింది. ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. ఫినాయిల్ పోసే రోజు మాత్రం ముందు దాన్ని తడి చేత్తో తీసి పెరట్లో మొక్క మీద పెట్టండి. రాత్రికి మళ్లీ వస్తే, గది బాగా ఆరిందో లేదో చూసి రానివ్వండి.