వంతకు చోటుంచండి

మా ఊరి రామాలయంలో ధనుర్మాసపు భజనలు పాడుతూ పెరిగిన గొంతు నాది. యాభై దాటాక మా అన్నయ్య మనవడు సింథసైజర్ పట్టుకొస్తే దాంతోనూ పాడాను. ఈ పదిహేనేళ్లలో దెబ్బలు తిని నేర్చుకున్నవి ఇవి.

1. కరెంటుకు భయపడకండి. బెంగళూరులో జి. రాజ్‌నారాయణ్ ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె చేసింది 1979లో. తంబూరా మోయలేని వయసులో మా గురువుగారు దాన్నే సంచీలో వేసుకు తిరిగారు. వైరు తగిలితే భక్తి పోతుందనేవాళ్లకు ఆ సంచీ గుర్తుచేస్తాను.

2. గమకాన్ని ఎవరి చేతిలోనూ పెట్టకండి. తోడి గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతుంది. శ్రుతి సరిదిద్దే సాఫ్ట్‌వేర్‌కు ఆ ఊపు తప్పులా కనిపిస్తుంది. మొదటి రికార్డింగులో నా గాంధారాన్ని చక్కగా ఇస్త్రీ చేసి పెట్టింది. విని మా చెల్లెలు, "ఎవరే పాడింది?" అంది.

3. మాట వినపడాలి. రామదాసు రాముణ్ణి నిలదీస్తాడు, నగలకైన ఖర్చు లెక్కచెబుతాడు. తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది. ఎకో ఎక్కువైతే ఆ అచ్చు సాగి సాగి పక్క మాట మీద పడుతుంది. దెబ్బలాట కాస్తా జోలపాటవుతుంది.

4. పాడే చోటు ముందు చూసుకోండి. కొబ్బరిచెట్టుకు కట్టిన గొట్టం మైకులో బేస్ పలకదు. మావాడు రాత్రంతా కూర్చుని చేసిన బేస్ ఉత్సవంలో ఒక్కరికీ వినపడలేదు. చిడతలు మాత్రం ఊరంతా వినపడ్డాయి.

5. అప్పుడప్పుడు అన్నీ తీసేసి వినండి. అమెరికా జాజ్ కళాకారిణి ఆలిస్ కోల్‌ట్రేన్ 1982లో 'తురియా సింగ్స్' అని ఆర్గన్, సింథసైజర్, తీగవాద్యాలతో సంస్కృత భజనల క్యాసెట్ తెచ్చారు. 2021లో ఆమె కొడుకు రవి ఆ పాటలనే ఆమె గొంతు, ఆర్గన్ మాత్రం ఉంచి విడుదల చేశారు. పాట చెక్కుచెదరలేదు. మీ పాటకూ ఈ పరీక్ష పెట్టండి. ప్లగ్గు పీకాక ఏం మిగిలిందో అదే మీది.

6. వంతకు చోటుంచండి. లూప్ ఒకే మాటను తిప్పి తిప్పి పలుకుతుంటే నామసంకీర్తనలాగే ఉంటుంది. కానీ దానికి ఆయాసం రాదు, పక్కవాళ్ల కోసం ఆగదు. ఒక కచేరీలో నా గొంతునే నాలుగు పొరలుగా పేర్చి నాకు నేనే వంత పాడించుకున్నాను. అయ్యాక ముందు వరసలో ఒక ముసలమ్మ, "బాగుందమ్మా, మేమెక్కడ అందుకోవాలో తెలీలేదు" అంది.

అప్పటినుంచి పల్లవి రెండోసారి వచ్చేచోట మావాడు మీటల మీంచి చేతులు తీసేస్తాడు. ఒక్కోసారి జనం అందుకోరు. అప్పుడు వాడు నావైపు కంగారుగా చూస్తాడు. ఉండమని కళ్లతోనే చెబుతాను.